గట్టు లేని తాబేలు

నూతిలో కప్ప అని ఎవరినైనా తీసిపారేయడం మనకు అలవాటు. అందులో కప్పకు అన్యాయమే జరిగింది. అది రాళ్ల సందులు పట్టుకుని పైకి రాగలదు. రాకపోయినా నష్టం లేదు. దాని గుడ్లు నీళ్లలోనే, దాని పిల్లలు నీళ్లలోనే. నుయ్యి దానికి ఒక చిన్న ఊరు. నూతిలో నిజంగా చిక్కుబడిపోయిన ప్రాణి వేరే ఉంది. దాని మీద సామెత పుట్టలేదు. దాన్ని అందులో వేసింది మనమే కాబట్టి కాబోలు.

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి నుంచి పలాస దాకా, మధ్యలో మా నందిగాంతో సహా, పాత ఊళ్లలో పెరటి నూతిలో తాబేలును వదలడం వింతేమీ కాదు. చెరువు అడుగంటినప్పుడో, మడిలో నీళ్లు తీసినప్పుడో ఎవరికో ఒకరికి దొరుకుతుంది. తినే అలవాటున్న వాళ్లు కూర వండుకుంటారు. లేని వాళ్లు తెచ్చి నూతిలో వేస్తారు. పురుగూ పుట్రా తినేస్తుంది, నీరు తేటగా ఉంటుంది అని నమ్మకం. చేద వేసిన చప్పుడుకి అది పైకి తేలి, గొట్టంలాంటి ముక్కు బయటపెట్టి, ఓసారి గాలి పీల్చి మళ్లీ మునుగుతుంది. పిల్లలు వంగి చూసి నాలుగు మెతుకులు విసురుతారు. పెద్దవాళ్లు ‘పడతార్రా’ అని కేకలేస్తారు. కొత్త కోడలుగా వచ్చిన మనిషి అత్తగారయ్యే దాకా అదే నూతిలో అదే తాబేలు.

మా వీధిలో ఒక తాతను అడిగాను, వాళ్ల నూతిలోది ఎన్నాళ్ల నాటిదని. “మా అయ్య ఏసిన తాంబేలు బాబూ. నాకంటె పెద్దదో సిన్నదో నాకూ తెల్దు” అన్నాడు. పిల్లల్ని పెట్టలేదా అంటే, ఒక్కత్తే గదా అన్నాడు. జతకు ఇంకోదాన్ని వెయ్యలేకపోయారా అన్నాను. “ఏసినాం. ఏటి పెడతాది? గుడ్డెట్టాలంటే గట్టుండాల గదా. నూతికి గట్టుంది గానీ అది మనకుంది, దానికి లేదు.”

తాబేళ్లను పెంచడం, పిల్లలు పెట్టించడం గురించి నేను తర్వాత చదివినదంతా ఈ మాటకు వ్యాఖ్యానంలాగే ఉంది. చెరువు తాబేలుకు మనం నీళ్లే లోకం అనుకుంటాం. బతకడానికి నిజమే, నీళ్లు చాలు. కానీ దాని వంశం నిలవాలంటే కావలసింది నేల. జానెడు లోతు తవ్వడానికి మెత్తని మన్ను, మీద ఎండ, ఏడాదిలో కొన్ని నెలలు ఎవరూ కదపకుండా ఉండే చోటు. తాబేటి గుడ్డులో పెరిగే పిల్ల పెంకు గుండా గాలి పీలుస్తుంది. గుడ్డును నీళ్లలో వదిలితే నీటిలో బతికే తల్లికి పుట్టబోయే బిడ్డ నీటిలో మునిగి చస్తుంది. ఉత్తర ఆస్ట్రేలియాలో పాము మెడ తాబేలు ఒకటుంది. అది మాత్రం నీటి అడుగు మట్టిలోనే గుడ్లు పెడుతుంది. అయినా ఆ మడుగు ఎండి మట్టి ఆరేదాకా లోపలి పిండం ఎదుగుదల మొదలే కాదు. అంటే దానికీ నేల తప్పలేదు. కాస్త ఆలస్యంగా కావాలి, అంతే.

మన నూతుల్లో ఉండేదాన్ని శాస్త్రం లిస్సెమిస్ పంక్టాటా అంటుంది. పొట్ట కింది చిప్పకు వెనక వైపు రెండు మూతలుంటాయి. కాళ్లు లోపలికి లాక్కోగానే తలుపులు వేసుకున్నట్టు అవి మూసుకుంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూల్లో ఉంది, పులితో పాటు. పట్టుకున్నా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. 2022 సవరణ తర్వాత శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు, జరిమానా కనీసం 25,000 రూపాయలు. ఈ లెక్కన మా వైపు పెరళ్లు చాలావరకు నేరస్థలాలే. ఇది ఆ తాతకు చెబితే, “మరి దీన్ని తీసి ఏ సెరువులో వొగ్గమంటావు?” అన్నాడు. దానికి జవాబు అంత తేలిక కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పట్నంలో నుయ్యి లేదు. అక్కడ గాజు తొట్టె ఉంది. విశాఖపట్నంలో అక్వేరియం దుకాణాలకు వెళితే రూపాయి బిళ్లకంటె కాస్త పెద్దగా, పచ్చగా, చెవి దగ్గర ఎర్రని గీతతో తాబేటి పిల్లలు ఈదుతూ కనిపిస్తాయి. వాటి పుట్టిల్లు అమెరికాలో మిసిసిపీ నదీ ప్రాంతం. మన చట్టం మన తాబేళ్లకు కాపలా కాసింది గనుక వ్యాపారం పరాయి తాబేటి మీద పడింది. వాస్తు పేరు చెప్పి, తొట్టెను ఈశాన్యంలో పెడితే కలిసొస్తుందని ఒకరు, ఉత్తరంలో పెట్టాలని ఇంకొకరు. కలిసిరావడానికి ఇత్తడి తాబేలును నీళ్ల గిన్నెలో పెట్టుకునే వాళ్లే నయం. ఇత్తడి పెరగదు. ఈ ఎర్ర చెవి తాబేలు పెరుగుతుంది. కొన్నేళ్లలో పళ్లెమంత అవుతుంది, పాతికేళ్లు అవలీలగా బతుకుతుంది. కొన్న పిల్లాడు ఇంజనీరింగు పూర్తిచేసి బెంగళూరు వెళ్లిపోయాక కూడా అది ఆ ఇంట్లోనే ఉంటుంది. వాళ్లమ్మ నీళ్లు మారుస్తూ ఉంటుంది. విసిగిన రోజున దగ్గర్లోని గుడి కోనేట్లోనో చెరువులోనో వదిలేస్తారు. పుణ్యం చేశామనుకుంటారు. ప్రపంచంలో అతిగా చెరుపు చేసే వంద చొరబాటు జీవుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ చేర్చిన ప్రాణి అది. మన చెరువు తాబేలు తిండీ చోటూ అది లాక్కుంటుంది.

అమెరికాలో 1975లోనే నాలుగంగుళాల లోపు చిప్ప ఉన్న తాబేటి పిల్లల్ని పెంపకానికి అమ్మకూడదని నిషేధించారు. తాబేలు మీద దయతో కాదు. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని సాల్మొనెల్లా జబ్బు తెచ్చుకుంటున్నారని.

గాజు తొట్టెలో దానికి జరిగేది కూడా నూతి కథే. ఎండ పొడ తగలని తాబేలుకు డి విటమిన్ చాలదు, తిన్న సున్నం ఒంటపట్టదు, చిప్ప మెత్తబడి వంకర పోతుంది. అందుకే తెలిసిన వాళ్లు తొట్టెలో ఒక రాయి పెట్టి, మీద ప్రత్యేకమైన దీపం వేలాడదీస్తారు. రాయి వరకు చాలామంది వెళతారు. ఇసుక దాకా వెళ్లేది తక్కువ. ఆడ తాబేలుకు వయసొచ్చాక మగతోడు లేకపోయినా గుడ్లు తయారవుతాయి, కోడిపెట్టకు అయినట్టే. తవ్వడానికి నేల దొరక్కపోతే అది ఆ గుడ్లను కడుపులో ఆపుకుంటుంది. తొట్టె నాలుగు మూలలూ గీరుతుంది, తిండి మానేస్తుంది. సమయానికి వైద్యం అందకపోతే లోపల ఆగిన గుడ్లతోనే చచ్చిపోతుంది. అద్దం మీద గీరుతుంటే మనతో ఆడుకుంటోందని వీడియో తీసుకునే ఇళ్లున్నాయి.

గట్టు మాట ఎంత నిజమో చెప్పడానికి సుందరవనాల కథ ఒకటి ఉంది. బటాగుర్ బాస్కా అని బెంగాలు డెల్టాలో బతికే పెద్ద నది తాబేలు. ఒకప్పుడు కలకత్తా బజారుకు మాంసం కోసం తండోపతండాలుగా వెళ్లింది. చివరికి అడవిలో వెతికినా కనిపించని స్థితికి వచ్చింది. 2008లో దాని కోసం వెతుకుతున్న వాళ్లకు సజనేఖాలీలో, పులుల అభయారణ్యం వాళ్ల సందర్శక కేంద్రం దగ్గర చెరువులో, కొన్ని దొరికాయి. ఎప్పుడో పిల్లలుగా తెచ్చి వదిలినవి అవి. పెద్దవయ్యాయి. ఆడా మగా రెండూ ఉన్నాయి. తిండికి లోటు లేదు. సంతానం మాత్రం లేదు. అప్పుడు అటవీశాఖా, తాబేళ్ల సంరక్షణ సంస్థ టర్టిల్ సర్వైవల్ అలయన్స్ వాళ్లూ కలిసి ఆ చెరువు పక్కన ఇసుక పోసి ఒక తిన్నె కట్టారు. 2012లో ఆడ తాబేళ్లు ఆ తిన్నె ఎక్కి గుడ్లు పెట్టాయి, పిల్లలు వచ్చాయి. తర్వాత ఆ సంతతిని వేర్వేరు చెరువులకు పంచి పెంచుతూ వచ్చారు. ఒక జాతి నిలుస్తుందా పోతుందా అన్నది అక్కడ కొన్ని బళ్ల ఇసుక దగ్గర ఆగి ఉంది.

ఇది చదివాక నాకు కోపం వచ్చిందో నవ్వొచ్చిందో చెప్పలేను. అన్నేళ్లు సందర్శకులు ఆ గట్టు మీద నిలబడే వాటిని చూసి ఉంటారు.

కొన్నిసార్లు గట్టు కట్టేసరికి కాలం మించిపోతుంది. చైనాలో యాంగ్జీ నది పెద్ద తాబేలుకు చివరి ఆడదాన్నీ చివరి మగదాన్నీ 2008లో సుజౌ జంతుప్రదర్శనశాలలో ఒకచోట చేర్చారు. ఇసుక ఉంది, వైద్యులున్నారు, లోకమంతా కళ్లప్పగించి చూస్తోంది. అది ఏటేటా గుడ్లు పెట్టింది. ఒక్కటీ పిల్ల కాలేదు. చివరికి కృత్రిమ గర్భధారణ ప్రయత్నం జరిగిన మర్నాడు, 2019 ఏప్రిల్‌లో, ఆ ఆడ తాబేలు చనిపోయింది.

తాబేలును తరాల తరబడి పెంచగలిగిన వాళ్లు మన దేశంలో ఎవరైనా ఉన్నారంటే అవి దేవాలయాలే. మనిషి పోతాడు, ఇల్లు చేతులు మారుతుంది, గుడి ఉంటుంది. అస్సాంలో హాజో హయగ్రీవ మాధవాలయం కోనేట్లో నల్లని మెత్తచిప్ప తాబేళ్లున్నాయి. 2002లో ఆ జాతి అడవిలో అంతరించిందని ఐయూసీఎన్ ప్రకటించింది. తర్వాత నదుల్లో కొద్దిగా కనిపించాయి గానీ, అంతదాకా భక్తులు బిస్కెట్లు, మరమరాలు వేసిన కోనేళ్లే వాటిని కాపాడాయి. అక్కడా చిక్కు ఇదే. భక్తి పెరిగిన కొద్దీ కోనేటికి సిమెంటు మెట్లు వచ్చాయి, చుట్టూ నాపరాళ్లు పరిచారు. నాగశంకర్ గుడిలాంటి చోట్ల మట్టి ఒడ్డు మిగలబట్టి గుడ్లు దొరికాయి. ఆ గుడ్లను తీసి జంతుప్రదర్శనశాలలో పొదిగించి పిల్లల్ని మళ్లీ నీటిలో వదులుతున్నారు. దేవుడి చెరువుకు మంత్రసాని జూ.

మన జిల్లాకు శ్రీకూర్మం ఉంది. కూర్మావతారానికి ఇంత పెద్ద గుడి ఇంకెక్కడా లేదని మా వాళ్ల గర్వం, అది న్యాయమైన గర్వమే. స్వామి పడమటికి తిరిగి ఉంటాడు, అందుకు ధ్వజస్తంభాలు రెండు. 1281 నాటి నరహరి తీర్థుల శాసనం అక్కడ ఉంది. ఆ ఆవరణలో తాబేళ్లను సాకుతారు. చిత్రమేమంటే, పాలసముద్రంలో మందరగిరిని మోసినవాడి ముంగిట తిరిగేవి నీటి తాబేళ్లు కావు, వీపు మీద చుక్కల ముగ్గున్న నక్షత్ర తాబేళ్లు. పొడి నేలల్లో, ముళ్ల తుప్పల్లో బతికేవి. నీట్లో వేస్తే మునిగిపోతాయి. మెట్టప్రాణులు కనుక గుడ్డు పెట్టడానికి వాటికి కష్టం లేదు, మన్ను కాళ్ల కిందే ఉంది. వాటి పిల్లలు ఆడో మగో తేల్చేది ఆ మన్ను వేడిమి: కాస్త చల్లగా ఉంటే మగవి, వేడెక్కితే ఆడవి. వాటి కష్టాలు వేరే ఉన్నాయి. పెంపకానికని విదేశాలకు దొంగ రవాణా అయ్యే తాబేళ్లలో అవి ముందు వరసలో ఉన్నాయి. 2019లో వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం వాటిని అతి కట్టుదిట్టమైన జాబితాకు మార్చింది. కూర్మనాథుడి దర్శనానికి వెళ్లి తాబేలుకు అరటిపండు పెట్టి వచ్చిన మనిషి, దారిలో చెరువు పక్కన చిప్ప పగిలి చచ్చిన నల్ల తాబేలును చూసి ముక్కు మూసుకుంటాడు. దానికి చుక్కలు లేవు మరి. బారువ తీరంలో సముద్రపు తాబేలు గుడ్లకు వల కంచె కట్టి, పిల్లల్ని అలల్లోకి వదిలే రోజున ఫొటోలు దిగుతాం. మంచిదే. చెరువు తాబేలు పక్కన ఎవరూ ఫొటో దిగరు.

మరి దాన్నే పెంచి పిల్లలు పెట్టిస్తే? ఇక్కడే దాని గడుసుదనం బయటపడుతుంది. వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా అది గట్టు మీదికి వచ్చి, వెనక కాళ్లతో చిన్న గొయ్యి తవ్వి, గోళీల్లా గుండ్రంగా గట్టి పెంకుతో గుడ్లు పెడుతుంది. ఒక్కో విడతలో చేతినిండా పట్టేన్ని. మన్ను కప్పి వెళ్లిపోతుంది, మళ్లీ వెనక్కి చూడదు. ఆ గుడ్లు వెంటనే ఎదగవు. లోపల పిండం మొదలై, ఆగిపోతుంది. చలి దాటి, మాఘం, ఫాల్గుణం, రోహిణి ఎండలు దాటి, తొలకరికి పిల్లలు బయటికి వస్తాయి. నెలల తరబడి ఆ నిద్ర కావాలి దానికి. కృత్రిమంగా పొదిగించాలన్నా ముందు ఓ చలి, తర్వాత ఓ వేడి చూపించాలి. ఒకే వేడిమిలో ఉంచి, రోజూ తీసి చూసే ఆత్రగాడికి అది లొంగదు.

తల్లి కూడా అంతే. చెరువు ఎండితే బురదలోకి దిగి, లోపల వానకోసం పడుకుంటుంది. పంచతంత్రంలో తాబేలు మడుగు ఎండుతోందని కంగారుపడి హంసల కర్ర కరుచుకుని ఆకాశానికి ఎగిరింది. మా చెరువు తాబేలైతే హంసలకు నమస్కారం పెట్టి బురదలోకి దిగేది. కథ ఉండేది కాదు, తాబేలు ఉండేది.

కాబట్టి ఈ ప్రాణికి తగిన పెంపకం కేంద్రాన్ని కొత్తగా కట్టనక్కర్లేదు. మన ఊరి చెరువే అది. మెత్తని గట్టు, ఎండే బురద, నత్తలు, కప్పలు, చచ్చిన చేపలు. వందల ఏళ్లుగా ఎవరి జీతమూ లేకుండా నడిచిన కేంద్రం. తాత అడిగిన ప్రశ్న ఇక్కడికి వస్తుంది. ఆ చెరువులను మనం నూతులుగా మారుస్తున్నాం.

ఎలాగంటే, గట్టు కోసుకుపోకుండా లోపలి వైపు రాయి పేర్చి సిమెంటు పూస్తున్నాం. కాలువలకు లైనింగు చేస్తున్నాం. నీళ్లు వృథా కాకూడదు, నేను కాదనను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గండ్లు పడిన చెరువులు చూసిన వాళ్లెవరూ గట్టి గట్టు వద్దనరు. కానీ చుట్టూ నిలువు రాతి గోడతో, మీద నడక బాటతో, విద్యుద్దీపాలతో ముస్తాబైన చెరువులో తాబేలు ఈదగలదు, తినగలదు, ఎక్కలేదు. పదేళ్లు, ఇరవై ఏళ్లు అందులో తాబేళ్లు కనిపిస్తూనే ఉంటాయి. అన్నీ పెద్దవే. చిన్నది ఒక్కటీ ఉండదు. ఉన్నాయి కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. తాబేలు ఎక్కువ కాలం బతకడం వల్ల వచ్చిన చిక్కు ఇది. దాని జాతి పోతున్న సంగతి అది బతికి ఉండగా మనకు తెలియదు.

రెండోది వేసవి పని. ఉపాధి హామీలో చెరువు పూడిక తీసేది సరిగ్గా ఎండాకాలంలో. నీళ్లుండవు, కూలీలకు పొలం పనులుండవు, అదే సబబైన కాలం. పెద్ద తాబేలు బురదలో నిద్రపోయేదీ, గుడ్లు గట్టులో తొలకరి కోసం కాచుకునేదీ అప్పుడే. పారకు పెద్దది తగులుతుంది. గట్టు మీద కొత్త మన్ను పడి గుడ్లు లోతుకు వెళ్లిపోతాయి. చేపల పాటదారుకు తాబేలంటే దొంగ. వలలో పడితే అతను దాన్ని తిరిగి నీళ్లలో వదలడు.

ఉపాధి పని చూసే ఒక మేటును అడిగాను, ఒక వైపు గట్టు ముట్టుకోకుండా వదిలేయలేరా అని. అతను మంచి మనిషి, తాబేలు దొరికితే పక్క మడుగులో వదులుతాడట. కానీ, “కొలతలు క్యూబిక్ మీటర్లల్లో తీస్తారు బాబూ. ఎస్టిమేట్ల తాంబేలు లేదు గదా” అన్నాడు.

భారతంలో, అరణ్యపర్వంలో, ఇంద్రద్యుమ్నుడనే రాజు కథ ఉంది. భూమ్మీద తన పేరు ఎవరికీ గుర్తులేదని స్వర్గం నుంచి దించేస్తే, గుర్తుపట్టేవాళ్లను వెతుక్కుంటూ వస్తాడు. మార్కండేయుడికి తెలియదు. గుడ్లగూబకు తెలియదు. కొంగకు తెలియదు. ఒక సరస్సులో ఉన్న అకూపారమనే తాబేలు కన్నీళ్లు పెట్టుకుని గుర్తుపడుతుంది. ఈ సరస్సు నీదే, నువ్వు దానమిచ్చిన ఆవుల గిట్టల తొక్కిడికి ఏర్పడింది అంటుంది. కథలో అందరూ తాబేటి ఆయుష్షు చూస్తారు. నాకు గిట్టలు కనిపిస్తాయి. ఆవులు దిగి తొక్కిన చెరువుకు నిలువు గోడ ఉండదు. ఏటవాలుగా, మెత్తగా, ఎండకు ఆరుతూ ఉంటుంది. అంత దీర్ఘాయువు తాబేలు కాపురం పెట్టడానికి అలాంటి చెరువునే ఎంచుకున్నదంటే ఆ కథ కట్టినవాడు చెరువుగట్టున కూర్చున్నవాడే అయ్యుండాలి.

చెరువుకు మదుము ఉన్న వైపు, అల తగిలే వైపు రాయి కట్టాల్సిందే. ఎదురు వైపు, పశువులు దిగే రేవు ఉంటుంది. దాన్ని వదిలేస్తే చాలు, అక్కడ వేసవిలో పార వెయ్యకపోతే చాలు. పంచాయతీలో ఈ కోరిక తాబేలు పేరు మీద పెడితే నవ్వుతారు, నేను పెట్టి చూశాను. రాతి మెట్ల మీద జారి ఎద్దు కాలు విరిగిందని చెబితే మాత్రం సర్పంచి గారు కుర్చీలో ముందుకు జరిగి, ఏ రేవు దగ్గర అని అడుగుతారు. ఈసారి దరఖాస్తు ఎద్దు పేరు మీదే రాస్తున్నాను.